రెండు సీసాల పచ్చడి

1961 అక్టోబరు 17, మంగళవారం. జెనోవా పక్కన, ప్రా ఊరు.

మా ఆయన జెరోలామోకి అన్నీ రెండేసి కనిపిస్తున్నాయి. పొద్దున డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, తలుపు గడియ కోసం పక్కన ఉన్న గాలిలో చెయ్యి ఆడించాడు. నాకు నవ్వొచ్చింది. తాగి వచ్చాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే వైను వాసన లేదు.

"రేవులో దీపస్తంభం ఒకటే కదా ఎర్సీ?" అన్నాడు.

"ఒకటే."

"తెల్లవారుజామున నాకు రెండు కనిపించాయి. ప్రోస్పెరోతో చెప్తే, నాకెప్పుడూ రెండేరా, నీకిన్నాళ్ళూ ఏం రోగం అన్నాడు."

ఇరవై ఏళ్ళుగా వీళ్ళిద్దరిదీ ఒకే టగ్గు పడవ, రేవులోకి ఓడల్ని లాగేది. ఇద్దరూ ఇంజను గదిలోనే. పెళ్ళాం లేని మనిషి కాబట్టి ప్రోస్పెరోకి ప్రతి మాటా వేళాకోళమే.

నోరు పిడచకట్టుకుపోతోందని రెండు చెంబుల నీళ్ళు తాగాడు. మెతుకు ముట్టలేదు. అత్తయ్య ఆముదం పట్టించమంది. ఎనభై మూడేళ్ళ మనిషి, ఏ జబ్బుకైనా ఆవిడ మందు అదే. పట్టించాను.

కూరగాయల సూప్ ఇద్దరికి సరిపడా మిగిలిపోయింది.

ఖర్చుల పుస్తకంలో ఇలాంటివి రాయడానికి చోటు ఉండదు. అందుకని ఈ పుస్తకం తీశాను.

అక్టోబరు 18, బుధవారం

రెప్పలు వాలిపోయాయి. నన్ను చూడాలంటే వేలితో రెప్ప ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. పొద్దున కాఫీ ఇస్తే ముక్కులోంచి బయటికి వచ్చింది. మాట కూడా ముక్కుతోనే. వీధి చివరి డాక్టరు చూసి, చెయ్యి కూడా పట్టుకోకుండానే అంబులెన్సుకి ఫోను చేయించాడు.

జెనోవా పెద్దాసుపత్రి. అక్కడికి చేరేసరికి ఆయన మాట నోట్లోనే ముద్దగా ఆగిపోతోంది. కుర్ర డాక్టరు, పేరు రవెక్కా. ఆదివారం నుంచి ఏమేం తిన్నాడో చెప్పమన్నాడు. వరసగా చెప్పాను. అది తెలియని ఇల్లాలికి ఇంకేం తెలుస్తుంది? ఆదివారం శనగపిండి రొట్టె, చార్డు ఆకు కూర. సోమవారం మధ్యాహ్నం కాడ్ చేప, బంగాళదుంపలు. మేం ముగ్గురం తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. సోమవారం రాత్రి పడవ మీద పాస్తా.

"పాస్తా దేనితో?"

"మామూలే."

రాసుకున్నాడు. మళ్ళీ తలెత్తి, "నిలవ ఉన్నవేమైనా తిన్నాడా? డబ్బాలో చేప, బీన్సు, ఇంట్లో ఊరబెట్టిన పుట్టగొడుగులు, అలాంటివి?" అన్నాడు.

"మా ఇంట్లో డబ్బా తిండి ఉండదండీ."

అది నిజమే. ఎప్పుడూ లేదు.

పక్షవాతం కావచ్చు, మెదడులో ఏదైనా కావచ్చు అంటున్నారు. ఆయన వయసు యాభై నాలుగు.

అక్టోబరు 19, గురువారం

ఈ రోజు మాట పూర్తిగా పోయింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే తిరిగి పట్టుకోవడం లేదు.

మధ్యాహ్నం ప్రోస్పెరో వచ్చాడు. గడ్డం గీసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"ఒరే జెరో, ఇంజను మొత్తం నా నెత్తిన పడేసి ఇక్కడ నన్స్ చేత సేవలు చేయించుకుంటున్నావా?"

ఆయన కదల్లేదు. ప్రోస్పెరో టోపీని చేతుల్లో చాలాసేపు తిప్పాడు. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"సోమవారం నాకు పన్ను సలుపు, సిన్యోరా. రొట్టె నీళ్ళలో ముంచుకు తిన్నా. పాస్తాలో కలిపిన మీ పచ్చడి మొత్తం వీడే లాగించాడు, నాకు వాసన మిగిల్చాడు. నిన్న పన్ను పీకించుకున్నా. నిన్న రాత్రి సీసా మూత తీశా. ఏం పచ్చడి సిన్యోరా అది! వీడు లేచి వచ్చేసరికి సీసా ఖాళీ అయితే నన్ను తిట్టకూడదు మరి."

నేను ఏదో అన్నాను. ఆయన నిద్రపోతున్నాడు. ప్రోస్పెరో వెళ్ళిపోయాడు.

అక్టోబరు 20, శుక్రవారం

రవెక్కా మళ్ళీ అడిగాడు, ఇంట్లో నిలవ పెట్టిందేమైనా ఉందా అని. డబ్బాల్లేవని మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు అడుగుతారు ఒకే మాట.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి రోలు కడిగాను. మురికేం లేదు. అయినా కడిగాను. రోట్లో ఎప్పుడూ వెల్లుల్లి వాసనే అంటారు మా వైపు, అది పోదు.

ఎక్కడా తప్పు లేదని ఒకసారి రాసి చూసుకుంటాను.

సెప్టెంబరు 23, శనివారం. పచ్చడికి బాసిలికో ఆకు, తులసి జాతిది, దాన్ని పండించే కనేపా వాళ్ళ గాజు షెడ్డులోంచి తెచ్చాను. జానెడు కూడా ఎదగని మొక్కలు, పూత రానివి, వేళ్ళతో సహా కట్ట కట్టినవి. చిటికెన వేలి గోరంత ఆకులు. కనేపా కూతురు మడి మీద అడ్డంగా వేసిన చెక్క మీద బోర్లా పడుకుని, నేను చూస్తుండగానే ఏరింది. పెద్దాకుకి పుదీనా వాసన వస్తుంది, అది పచ్చడికి పనికిరాదు. ఇంటికి తెచ్చి తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, బట్ట మీద ఆరబెట్టాను.

రోట్లో ముందు వెల్లుల్లి. మధ్యలో ఉండే పచ్చ మొలక తీసేశాను. రాళ్ళుప్పుతో మెత్తగా నూరాను. తర్వాత పైన్ గింజలు. ఆ తర్వాత ఆకు, గుప్పెడు గుప్పెడుగా. ఆకుని దంచకూడదు, రోటి అంచుకి అదిమి తిప్పాలి. కుడిచేత్తో బండ ఒకవైపు, ఎడమచేత్తో రోటి చెవి పట్టుకుని రోలు రెండోవైపు. ఆగకూడదు, తొందరపడకూడదు. వేడెక్కితే ఆకు నల్లబడుతుంది. నాది నల్లబడలేదు. నాది ఎప్పుడూ నల్లబడలేదు.

ఆలివ్ నూనె తీరం వైపుది, పలచనిది. చీజు కలపలేదు. సీసాలో పెట్టేదానికి చీజు కలపరు, తినేటప్పుడు కలుపుకుంటారు. సీసాలు రెండు, మరిగించి ఆరబెట్టినవి. గాలి బుడగ మిగలకుండా చెంచాతో అదిమి, పైన వేలెడు మందాన నూనె పోశాను. ఒకటి పడవకి, ఒకటి ఇంట్లో మెట్ల కింద అల్మరాకి.

నిప్పు చూపించలేదు. పచ్చడికి నిప్పు ఎవరూ చూపించరు. పాస్తా ఉడికిన నీళ్ళు ఒక చెంచా పోసి పలచన చేసుకుంటారు, అంతే.

అంతా పద్ధతి ప్రకారమే.

అక్టోబరు 21, శనివారం

ఊపిరి ఆడక యంత్రంలో పెట్టారు. ఇనుప పెట్టె. తల ఒక్కటే బయటికి.

సాయంత్రం అత్తయ్య అడిగింది.

"పడవకి పంపిన సీసాలో వెనిగర్ పోశావుగా?"

"పోశాను అత్తయ్యా."

"ఒక గరిటె?"

"ఒక గరిటె."

ఆవిడ తల ఊపి తన జపమాల తీసుకుంది.

అక్టోబరు 23, సోమవారం

నిన్న జరిగింది ఈ రోజు రాస్తున్నాను.

ఆదివారం పూజ నుంచి వచ్చాక మెట్ల కింద అల్మరాలోంచి రెండో సీసా తీసి వంటింటి బల్ల మీద పెట్టాను. మూత తీశాను. వాసన చూశాను. సెప్టెంబరు వాసన, ఇంకేమీ లేదు. పైన నూనె తేరి ఉంది, కింద పచ్చదనం అలాగే ఉంది. చెంచా ముంచాను. పైకి తీశాను. మళ్ళీ సీసాలోనే జార్చేశాను. భయపడి కాదు. అప్పటికే భోజనం చేశాను.

వీధిలో పాలవాడికి సీసాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగి వచ్చేసరికి అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని ఉంది. రొట్టె ముక్క తుంచి సీసాలో ముంచింది. నూనె కారుతున్న రొట్టె నోటి దాకా వెళ్ళింది.

ఆవిడ చేతి మీద కొట్టాను.

నా పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. ఇన్నేళ్ళలో ఆవిడని ఒక మాటైనా ఎదురు అనలేదు నేను. చేత్తో కొట్టాను. రొట్టె పొయ్యి కిందికి పోయింది. ఆవిడ తన చెయ్యి చూసుకుంది, నేలమీద నూనె మరక చూసింది, నన్ను చూసింది.

"పొయ్యలేదన్నమాట," అంది.

నేను వంగి పొయ్యి కిందనుంచి రొట్టె తీశాను.

"ఎందుకు పొయ్యలేదే?"

"పోస్తే రంగు పోతుంది. మీది బురదలా ఉంటుందని ఆయనే అన్నాడు. ఈసారి అమ్మ బురద వద్దు, నీ పచ్చడి కావాలి, పడవ మీద అందరికీ చూపిస్తా అన్నాడు. ఆయనే అడిగాడు."

"బురదే. నా మొగుడు ఆ బురద తిని పదకొండు నెలలు ఓడ మీద ఉండి తిరిగొచ్చాడు. ఓడ సీసాకి వెనిగర్ పొయ్యాలని నీకు చెప్పానా లేదా?"

"ఎందుకో చెప్పలేదు."

"నాకు మాత్రం ఎవరు చెప్పారు? మా అమ్మ పొయ్యమంది, పోశాను. ఆవిడ కాలంలో ఆకు కూడా లేదు ఓడ పచ్చడిలో. వెల్లుల్లి, అక్రోటు పప్పు, వెనిగర్లో నానిన రొట్టె. ఆకు తర్వాత ఎవరో షోకుకి కలిపారు." ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. "ఆ డాక్టరుకి చెప్పావా?"

"ఏమని?"

"ఎర్సీలియా, నా కొడుకు ఇనుప పెట్టెలో ఉన్నాడు. ఆ సీసా తీసుకుని పో. ఏప్రను విప్పకు. పో."

బస్సులో సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కావిడ బావుందే, ఎలా చేశారు అని అడిగింది. చెప్పలేదు.

రవెక్కా నా మాట సగంలోనే ఆపి నర్సుని పిలిచాడు. పులుపు లేని నిలవ తిండిలో, గాలి తగలనిచోట పుట్టే విషమట. రోమ్‌కి ఫోను చెయ్యమన్నాడు. మందు రోమ్‌లో ఉంటుందట, గుర్రం నెత్తుటిలోంచి తీస్తారట. బుధవారమే చెప్పి ఉంటే అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మంచి పిల్లాడు. తర్వాత అడిగాడు:

"ఆ సీసాలోంచి ఇంకెవరైనా తిన్నారా?"

అప్పుడు చెప్పాను ప్రోస్పెరో పేరు.

పోలీసులు అతని గదికి వెళ్ళారు. రేవు వెనక అద్దె గది. శుక్రవారం రాత్రి డ్యూటీకి రాకపోతే తాగి పడుకున్నాడనుకున్నారట పడవ వాళ్ళు. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. మంచం మీద కాదట, తలుపు దగ్గర నేల మీద ఉన్నాడట. గడియ అందుకోబోతూ.

అక్టోబరు 24, మంగళవారం

మందు వచ్చింది. ఎక్కించారు.

అక్టోబరు 25, బుధవారం

మా ఇంట్లో డబ్బా తిండి ఉండదు. నేను చెప్పింది అబద్ధం కాదు.

అక్టోబరు 26, గురువారం

మందు జబ్బుని ఇంక పెరగనివ్వదట, కానీ పోయినదాన్ని వెనక్కి తేలేదట. ఒంట్లో నరాలు తమంత తామే మళ్ళీ చిగురించాలి. నెలలు పడుతుంది, పట్టకపోవచ్చు కూడా. ఊపిరి కండరాలు మళ్ళీ పని మొదలుపెడితే బతుకుతాడు.

"మందు ముందే పడి ఉంటే?" అని అడిగాను.

"ఎవరు చెప్పగలరు సిన్యోరా," అన్నాడు రవెక్కా.

ఎవరూ చెప్పలేరు. అంటే తేడా ఉండేది కాదనే.

పచ్చడిని పది నిమిషాలు ఉడికించినా ఆ విషం చచ్చిపోయేదట. అతను పక్క రాష్ట్రం వాడు. పచ్చడిని ఉడికించే మనిషి ఈ తీరంలో ఎక్కడైనా ఉందా అని అడగబోయాను. అడగలేదు.

ఇంకో మాట కూడా అన్నాడు. ఈ విషం ఒంటినే పట్టుకుంటుంది, బుర్ర జోలికి పోదు. కళ్ళు తెరవలేకపోయినా, వేలు కదల్లేకపోయినా, మొదటి రోజు నుంచీ ఆయన అన్నీ వింటూనే ఉన్నాడు. "మాట్లాడుతూ ఉండండి, ఆయనకి ధైర్యంగా ఉంటుంది," అన్నాడు.

మంచిదే.

అక్టోబరు 28, శనివారం

ప్రోస్పెరో అంత్యక్రియలు. అత్తయ్య వెళ్దామంది. నల్ల శాలువా కప్పుకుని నా చెయ్యి పట్టుకుని నడిచింది. నా చెయ్యి వదల్లేదు, నాతో మాట్లాడనూ లేదు.

రేవు వాళ్ళు శవపేటిక మోశారు. చుట్టాలెవరూ లేరు, లా స్పెత్సియా నుంచి ఒక చెల్లెలు వచ్చింది. పన్ను పీకించుకున్నాడట కదా, పాపం, దానివల్లే చీము పట్టిందా అని నన్ను అడిగింది. ఆమెకింకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను ఎవరో తెలియదు ఆమెకి. టగ్గు కెప్టెన్ ఓల్చేసే పక్కకి తిరిగి దగ్గాడు.

"పచ్చడి తిని పోయాడు మీ అన్న," అంది అత్తయ్య. "మా ఇంటి పచ్చడి. ఇదిగో, మా కోడలు చేసింది."

ఆ చెల్లెలు నన్ను చూసింది. చాలాసేపు చూసింది. వెళ్ళి పేటిక వెనక నిలబడింది.

దారిలో అడిగాను, "అత్తయ్యా, అంతమందిలో అలా అనాలా?"

"ఇంకెవరు అంటారు? నువ్వు అంటావా?"

నవంబరు 2, గురువారం

చనిపోయినవాళ్ళ రోజు. మామగారి సమాధికి వెళ్ళాం. ప్రోస్పెరో దగ్గరికి కూడా. ఎవరో అప్పటికే బంతిపూలు పెట్టారు.

నవంబరు 6, సోమవారం

రెండు సీసాలూ పరీక్ష చేశారు. పడవ సీసా అడుగున మిగిలినదాన్ని ఎలుకలకి ఎక్కించారట, చచ్చిపోయాయి. ఇంటి సీసాది కూడా ఎక్కించారు. అవి బతికే ఉన్నాయి. తిరుగుతున్నాయట.

పడవ సీసాని ప్రోస్పెరో బాయిలరు పక్క అరలో పెట్టాడని ఓల్చేసే చెప్పాడు. రాత్రీ పగలూ ఆ అర వెచ్చగా ఉంటుంది. ఇంటి సీసా మెట్ల కింద చల్లగా ఉంది. రోలు ఒకటే, ఆకు ఒకటే, నూనె ఒకటే, చెయ్యి ఒకటే.

అంటే పచ్చడిది తప్పు కాదు. బాయిలరుది.

ఈ మాట అత్తయ్యకి చెప్పాను. ఆవిడ బీన్సు ఒలుస్తోంది.

"వెనిగర్ బాయిలరు దగ్గర కూడా పనిచేసేదే," అంది.

నవంబరు 15, బుధవారం

రెండు గంటలు పెట్టె బయట ఊపిరి తీసుకున్నాడు.

నవంబరు 16, గురువారం

కనేపా వాళ్ళ షెడ్డు ముందు నుంచి వెళ్ళాను. కనేపా కూతురు చెక్క మీద పడుకుని ఏరుతోంది. నన్ను చూసి తల వంచుకుంది. ఎప్పుడూ ఒక కట్ట ఎక్కువ పెట్టే పిల్ల. ఊళ్ళో కొందరు ఆకుదే తప్పంటున్నారట, వాళ్ళ బేరం తగ్గిందట.

నేను ఆగి చెప్పి ఉండాల్సింది ఆకుది కాదని. మార్కెట్‌కి ఆలస్యమవుతోంది.

నవంబరు 24, శుక్రవారం

రెప్పలు ఎత్తాడు. నన్ను చూశాడు. నేను నవ్వాను. ఆయన ముఖం ఇంకా కదలదు కాబట్టి నవ్వలేదు.

నవంబరు 30, గురువారం

పెట్టె అక్కర్లేదంటున్నారు. గొట్టంలోంచి పాలు. వేళ్ళు కదులుతున్నాయి. పలక తెచ్చి ఇచ్చాను. చాలా కష్టపడి ఒకే మాట రాశాడు: ప్రోస్పెరో?

నేను జవాబు చెప్పేలోపు నన్ లోపలికి వచ్చింది. పలక తుడిచేశాను.

డిసెంబరు 1, శుక్రవారం

ఓల్చేసే వచ్చి చెప్పేశాడట. నేను లేనప్పుడు. ఒక రకంగా నయం.

అక్టోబరు 19 తారీకు కింద రాసింది సరిగా లేదు. లెక్క తప్పుగా ఉంచే అలవాటు నాకు లేదు, కాబట్టి సరిచేస్తున్నాను. ప్రోస్పెరో సీసా గురించి చెప్పినప్పుడు నేను ఏదో అన్నానని రాశాను. నేను అన్నది ఇది: "తినేసెయ్యి ప్రోస్పెరో. మూత తీశాక ఎక్కువ రోజులు ఉండదు."

అప్పటికి డాక్టరు నన్ను ఒక్కసారే అడిగాడు. అప్పటికి నాకు తెలియదు. తెలిసి అనలేదు.

నాకు తెలియదు.

డిసెంబరు 16, శనివారం

ఇంటికి వచ్చాడు. ఇరవై కిలోలు తగ్గాడు. ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. ముఖం ఎడమవైపు కొంచెం జారి ఉంది. మాట ముక్కుతోనే, కానీ తెలుస్తోంది. అత్తయ్య ఆయన బూట్లు తనే విప్పింది. చీకటి పడేదాకా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డిసెంబరు 17, ఆదివారం

అత్తయ్య పూజకి వెళ్ళింది. మేమిద్దరమే. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, దుప్పటి కప్పాను. పొయ్యి దగ్గర నా పని నేను చేసుకుంటున్నాను.

"ఎర్సీ."

"ఊఁ."

"వాడొచ్చినప్పుడు నేను మేలుకునే ఉన్నాను."

గంటె కడిగి పక్కన పెట్టాను. రెండో గంటె కడిగాను.

"నువ్వు తినెయ్యమన్నావు."

"నాకు తెలియదు జెరో. ఆ రోజుకి నాకు తెలియదు."

"ముందు రోజు డాక్టరు నిన్నడిగాడు. నా పక్కనే నిలబడి అడిగాడు. నిలవ ఉన్నదేమైనా తిన్నాడా అని." ఊపిరి కోసం ఆగాడు. ఇప్పుడు వాక్యానికొకసారి ఆగాలి ఆయన. "చెప్పు, చెప్పు, సీసా సంగతి చెప్పు అని లోపల అరుస్తున్నాను. నాలిక లేవలేదు. మర్నాడు వాడొచ్చాడు. తింటున్నానన్నాడు. వద్దురా అని అరిచాను. నువ్వు తినెయ్యమన్నావు."

"నీకు విషం అదేనని తెలుసా అప్పటికి?"

"తెలీదు. డాక్టరు నిలవ తిండి అనగానే అనుమానం వచ్చింది. నాకొచ్చినప్పుడు నీకెందుకు రాలేదు?"

మూడో గంటె కడిగాను. నేను ఏడుస్తానేమో అని చూస్తున్నట్టున్నాడు. బంగాళదుంపలు ఉడికిపోతున్నాయి, వెళ్ళి దించాను.

ఆకుపచ్చగా ఉండాలని వెనిగర్ పొయ్యలేదు. డాక్టరు అడిగినప్పుడు కూడా అదే కళ్ళముందు మెదిలింది. పడవ మీద అందరూ సీసా ఎత్తి వెలుతురులో చూస్తూ, జెరో, నీ పెళ్ళాం చెయ్యి బంగారం అనడం. ఆ చేత్తో చేసింది మనిషిని పడగొడుతుందని నోటితో చెప్పలేకపోయాను. అంతే. ఇంతకంటే ఏం లేదు. ఇది రాయడానికి రెండు నెలలు పట్టింది.

డిసెంబరు 18, సోమవారం

కనేపా వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను, ఆకుది తప్పు కాదు, వెనిగర్ పొయ్యకపోవడం నా తప్పని. వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్ళు వింటుండగా. కనేపా భార్య సరేలెండి సిన్యోరా అని తలుపు వేసుకుంది.

డిసెంబరు 20, బుధవారం

నిన్నటి నుంచి మెత్తటివి మింగుతున్నాడు. మధ్యాహ్నం బంగాళదుంప గుజ్జులో పాలు, వెన్న కలిపి పెట్టాను. ఇంతకంటే నిరపాయమైన తిండి ప్రపంచంలో ఉండదు. ఆయన ముందు కంచం పెట్టాను, చెంచా చేతికి ఇచ్చాను.

చెంచా పట్టుకుని కూర్చున్నాడు. కంచం చూడలేదు. నన్ను చూశాడు.

"చల్లారిపోతుంది," అన్నాను.

"చల్లారనీ."

అత్తయ్య తన కంచంలోంచి తల ఎత్తలేదు. నాకు అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. నా గుజ్జు నేను వడ్డించుకుని ఒక చెంచా తిన్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇంకో చెంచా తిన్నాను. మింగాను. గొంతు దిగేదాకా చూసి, అప్పుడు తన చెంచా ముంచాడు.

డిసెంబరు 21, గురువారం

మళ్ళీ అలాగే. గొంతు ఇంకా మొద్దుబారి ఉంది కదా, మింగడానికి సిద్ధపడటానికి కాస్త సమయం పడుతుందట. ఆయన అలా అనలేదు. నేను అనుకుంటున్నాను.

డిసెంబరు 25, సోమవారం

క్రిస్మస్. కోడి ఉడకబెట్టిన నీళ్ళలో పాస్తా. అత్తయ్య చీజు తురిమింది. ముగ్గురం కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనకముందే నేను చెంచా ముంచి తిన్నాను, నోరు కాలింది. ఆయన ఆగాడు. అత్తయ్య కూడా ఆగింది.

1962 జనవరి 8, సోమవారం

మార్చిలో మళ్ళీ పనిలో చేరొచ్చునన్నాడు రవెక్కా, పడవ మీద కాదు, రేవులో కూర్చుని చేసే పని. ఇంట్లో అందరం బాగున్నాం. అత్తయ్యకి దగ్గు.

రేపటి నుంచి ముందు నా కంచంలో వడ్డించుకుని, నిలబడే నాలుగు చెంచాలు తినేసి, ఆ తర్వాత వాళ్ళని పిలుస్తాను. ఆయనకి తిండి వేడిగా ఉండగా తినడం ఇష్టం.